మాట విన్న విమర్శ, మోత విన్న శ్రోత: బప్పీ లహరి తెలుగు పాటలకు గోదావరి డెల్టాలో లభించిన ఆదరణ (1986–1992)

వ్యాససంగ్రహం:
సింథసైజర్, లయయంత్రం ప్రధానంగా సాగే పాట తెలుగు సినిమాలోకి వచ్చినప్పుడు విమర్శ దానిని సాహిత్యప్రమాణంతో తూచింది. శ్రోత ఆ ప్రమాణాన్ని పట్టించుకోలేదు. బప్పీ లహరి స్వరపరచిన 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) పాటలను ఆధారంగా చేసుకొని, ఈ రెండు ఆదరణల మధ్య దూరానికి కారణాలను గోదావరి డెల్టా సాంస్కృతిక చరిత్రలో వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు పాటల విమర్శకు నాదగుణాన్ని చర్చించే పరిభాష లేకపోవడమే ఇందులో ప్రధానమైన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సింథసైజర్, సినిమా పాట, శ్రోత, ఆదరణ సిద్ధాంతం, క్యాసెట్టు, గోదావరి డెల్టా, లలితగీతం, హార్మోనియం.

1. ప్రవేశిక

1986 మార్చి 21న 'సింహాసనం' విడుదలైంది. నటుడు కృష్ణ దర్శకత్వం వహించిన తొలి చిత్రమది. పద్మాలయా సంస్థ నిర్మించింది. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియో ధ్వని. తెర మీద కిరీటాలు, కత్తులు, గుర్రాలు. తెర వెనుక బొంబాయి నుంచి వచ్చిన బప్పీ లహరి కీబోర్డులు. రెండు నెలల తరువాత మే నెలలో కె. విశ్వనాథ్ 'సిరివెన్నెల' వచ్చింది. దానికి కె.వి. మహదేవన్ సంగీతం, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, కాకినాడలో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసుకున్న సీతారామశాస్త్రి సాహిత్యం. చిత్రం పేరే ఆ కవికి ఇంటిపేరుగా స్థిరపడింది.

ఒకే సంవత్సరపు ఈ రెండు చిత్రాల పాటలనూ జనం విరివిగానే విన్నారు. కాని పరిశోధన వాటిని సమానంగా వినలేదు. 'సిరివెన్నెల' గీతాలు వ్యాసాలకూ సిద్ధాంతగ్రంథాలకూ విషయమయ్యాయి. 'సింహాసనం' ప్రధానంగా కథానాయకుడి జీవితచరిత్రలోనూ సాంకేతిక విశేషాల జాబితాలోనూ మిగిలింది. దీనికి సాహిత్యపు విలువలో తేడా ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే చర్చ అక్కడే ఆగిపోతుంది. అసలు ఏ ప్రమాణంతో ఆ విలువను నిర్ణయించారన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న. హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో కాన్‌స్టన్స్ విశ్వవిద్యాలయంలో ప్రతిపాదించిన ఆదరణ సిద్ధాంతం ప్రకారం ప్రతి కృతినీ పాఠకుడు తనకు అప్పటికే అలవడిన అంచనాల పరిధిలోంచే అందుకుంటాడు. పాటకూ ఇది వర్తిస్తుంది. అయితే పాట విషయంలో విమర్శకుడి పరిధి, శ్రోత పరిధి ఒకటి కానవసరం లేదు.

పాశ్చాత్య దేశాల్లో సింత్‌పాప్ ప్రక్రియ ఆల్బమ్ రూపంలో జనంలోకి వెళ్ళింది. తెలుగునాట ఆ పని సినిమా పాటల క్యాసెట్టు చేసింది. అందువల్ల ఇక్కడ ఆల్బమ్ అన్న మాటకు అర్థం క్యాసెట్టే.

2. హార్మోనియం నాటి తగవు

పరాయి వాద్యం వచ్చి మన పాటను పాడు చేస్తున్నదన్న అభియోగం గోదావరి తీరానికి కొత్తది కాదు. రాజమహేంద్రవరం తెలుగు రంగస్థలానికి పుట్టినిళ్ళలో ఒకటి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ప్రదర్శనలు ఇచ్చి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు ఆడించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' ఇక్కడే రూపుదిద్దుకుంది. టంగుటూరి ప్రకాశం వంటివారు యౌవనంలో ఇక్కడి రంగస్థలం మీద వేషాలు కట్టారు. ఈ నాటకం పద్యనాటకంగా విస్తరించినకొద్దీ హార్మోనియం దానికి ప్రాణవాద్యమైంది. కాకినాడకు చెందిన కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' నాటకాన్ని హార్మోనిస్టు లేకుండా ఊహించడం కష్టం. రాగం ఎత్తుకోవడం, నటుడికి శ్రుతి అందించడం, వన్స్‌మోర్ పడితే మళ్ళీ మొదటికి తీసుకురావడం అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి.

పల్లె ఇంతగా అక్కున చేర్చుకున్న వాద్యాన్ని పైస్థాయి సంగీతజ్ఞానం నిరాకరించింది. మెట్ల మధ్య ఉన్న శ్రుతుల్ని హార్మోనియం పలికించలేదనీ, గమకానికి అది శత్రువనీ వాదన. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా దానిని వ్యతిరేకించినవారే. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971 నాటికి గాని ఆ నిషేధం కొంత సడలలేదు. ఈ మూడు దశాబ్దాలలో డెల్టా గ్రామాల్లో తెల్లవార్లూ నాటకాలు హార్మోనియంతోనే నడిచాయి. రేడియో ఒకదాన్ని కాదన్నది, తీర్థంలో పందిరి దాన్నే కావాలన్నది. సింథసైజర్ విషయంలో జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తగవును గుర్తుంచుకోవాలి. రెండూ మెట్లున్న వాద్యాలే. రెండింటి మీదా వచ్చిన ఫిర్యాదు దాదాపు ఒకటే: యంత్రం గొంతును మింగేస్తున్నది.

తేడా ఒకటుంది. హార్మోనియం మీద ఫిర్యాదు స్వరానికి సంబంధించినది. సింథసైజర్ మీద ఫిర్యాదు మాటకు సంబంధించినది. ఈ మార్పు ఎలా వచ్చిందన్నది తరువాతి ప్రశ్న.

3. లలితగీతం నెలకొల్పిన కొలబద్ద

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అక్కడ లలితసంగీతం, భక్తిరంజని రూపుకట్టడంలో నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు పాత్ర పెద్దది. ఆయన గేయకవి, స్వరకర్త, చరిత్రకారుడు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పిఠాపురం ప్రాంతపు దేవులపల్లి కృష్ణశాస్త్రి గేయాలు ఆ లలితసంగీతానికి సాహిత్యాదర్శంగా నిలిచాయి. ఈ ఇద్దరూ గోదావరి జిల్లాలవారే కావడం కాకతాళీయం కావచ్చు. ఆ ఇద్దరి ప్రభావం వల్ల స్థిరపడిన అభిరుచి మాత్రం కాకతాళీయం కాదు. పాట అంటే మొదట కవిత. స్వరం ఆ కవితకు తొడుగు. వాద్యం ఆ తొడుగుకు అంచు. ఈ వరుసక్రమాన్ని లలితగీతం ఒక తరం చదువరుల చెవిలో నాటింది.

అదే కాలంలో 1952లో సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటను ఆకాశవాణి నుంచి తొలగించడం, 1957 అక్టోబరులో వివిధభారతి రూపంలో అది తిరిగి రావడం తెలిసిన కథే. తెలుగు సినిమా పాటకు గౌరవం సంపాదించిపెట్టాలనుకున్న విమర్శకులు దానిలోని కవిత్వాన్ని ఎత్తి చూపించారు. వారికి అది అవసరం కూడా. సినిమా పాట సాహిత్యమేనని నిరూపించకపోతే తెలుగు శాఖల తలుపు తెరుచుకోదు. పైడిపాల వంటి పరిశోధకుల కృషితో ఆ తలుపు తెరుచుకుంది. కాని లోపలికి వచ్చింది పాటలో సగమే. అచ్చులో కనిపించే భాగం వచ్చింది, వినిపించే భాగం బయటే ఉండిపోయింది. గ్రామఫోను రికార్డుల సేకర్త వి.ఎ.కె. రంగారావు వంటి ఒకరిద్దరు బాణీల మూలాలనూ గాయకుల తీరునూ వాద్యాల సంగతినీ పట్టించుకొని రాశారు. ఆ పద్ధతి విశ్వవిద్యాలయ పరిశోధనకు ఒరవడి కాలేదు.

1980లో వచ్చిన 'శంకరాభరణం' ఈ కొలబద్దకు జనామోదం తెచ్చింది. పాశ్చాత్య వాద్యాలతో గోల చేసే కుర్రకారుకు శంకరశాస్త్రి తన గానంతో జవాబు చెప్పే ఘట్టాన్ని హాలులో చప్పట్లు కొట్టి చూసినవారిలో డిస్కో పాటల క్యాసెట్లు కొన్నవారూ ఉన్నారు. శ్రోతకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు. విమర్శకు మాత్రం ఆ ఘట్టం ఒక తీర్పులా ఉపయోగపడింది.

4. బాణీ ముందు, మాట వెనుక

బప్పీ లహరి తెలుగుకు రాకముందే ఆయన పద్ధతి వచ్చింది. 1982 డిసెంబరులో హిందీ 'డిస్కో డాన్సర్' విడుదలైంది. అందులో ఒక పాట బాణీకి బగుల్స్ అనే ఇంగ్లీషు బృందం 1979 నాటి ప్రసిద్ధ గీతం మూలమన్నది అందరూ ఎరిగినదే. దృశ్యయంత్రం వచ్చి రేడియో గాయకుణ్ణి కనుమరుగు చేసిందని వాపోయే సింత్‌పాప్ పాట అది. యంత్రం మీద బెంగతో పుట్టిన బాణీ ఇక్కడికి ఆడిపాడే హుషారుగా మారి చేరింది. 'డిస్కో డాన్సర్' తెలుగు రూపం 'డిస్కో కింగ్' 1984లో బాలకృష్ణ కథానాయకుడిగా వచ్చింది. దానికి సంగీతం చక్రవర్తి. అప్పటికి పుష్కరకాలంగా తెలుగు చిత్రసంగీతాన్ని శాసిస్తున్న చక్రవర్తి ఏ ధోరణినైనా తెలుగు నడకలోకి మార్చుకోగల నేర్పరి. ఆయన చేతిలో డిస్కో ఒక మసాలా దినుసు. బప్పీ లహరికి అదే ప్రధానవంటకం.

ఉత్తరాది స్వరకర్తలు తెలుగులో పని చేయడం అంతకు ముందూ ఉంది. 'చైర్మన్ చలమయ్య' (1974)కు సలీల్ చౌధురి, 'అక్బర్ సలీం అనార్కలి'కి సి. రామచంద్ర సంగీతం చేశారు. వారి పాటలు శ్రావ్యత అనే పాత ప్రమాణానికి ఒదిగాయి. బప్పీ లహరి పాట ఒదగలేదు. అందులో ముందుగా చెవికి తగిలేది గొంతు కాదు, లయయంత్రపు దెబ్బ.

'సింహాసనం' విషయంలో ఆ అంచనాభంగం రెండింతలైంది. జానపద చిత్రమంటే తెలుగు ప్రేక్షకుడికి ఒక స్థిరమైన శ్రవణపరిధి ఉంది: ఘంటసాల గొంతు, రాగచ్ఛాయ, తబలా, వీణ. ఇక్కడ రాజకుమారుడు ఎలక్ట్రానిక్ తాళానికి పాడతాడు. కథాకాలానికీ నాదకాలానికీ పొత్తు లేదు. పైగా ఆ రోజుల్లో కృష్ణ చిత్రాలకు బాలసుబ్రహ్మణ్యం పాడటం లేదు. రాజ్ సీతారాం పాడారు. పి. సుశీల వంటి అనుభవజ్ఞురాలి గొంతు పక్కన కొత్త గొంతు, రెండింటి వెనుకా కొత్త మోత. ఔచిత్యం అన్న సంప్రదాయ పదంతో చూస్తే ఇది పూర్తి అనౌచిత్యం. అయినా పాటలు ఊరూరా మోగాయి. ఇందుకు ఒక వివరణ ఉంది. ఆ చిత్రం కథను కాక వైభవాన్ని అమ్మింది. వెడల్పయిన తెర, నలుదిక్కులనుంచీ వచ్చే ధ్వని, బొంబాయి నుంచి మందాకిని, రాజమహేంద్రవరంలో పుట్టి అప్పటికి బొంబాయిలోనూ అగ్రతారగా నిలిచిన జయప్రద. ఆ వరుసలో సింథసైజర్ కూడా ఒక ఆభరణమే. శ్రోత దాన్ని గతకాలపు రాజసానికి విరుద్ధంగా వినలేదు, వర్తమానపు రాజసంగా విన్నాడు.

ఇక సాహిత్యం సంగతి. కె.వి. మహదేవన్ పాట రాసిన తరువాత దానికి బాణీ కట్టడంలో ప్రసిద్ధుడు. కవి పదం ఎక్కడ విరిగితే స్వరం అక్కడ విరుగుతుంది. తెలుగు రాని బప్పీ లహరి విషయంలో బాణీ ముందు వస్తుంది, కవి దాన్ని నింపాలి. దీనిని కవికి అవమానంగా విమర్శ భావించింది. కాని బాణీకి రాయడం కూడా ఛందస్సుకు రాయడం వంటిదే. గణాల చట్రం ముందుగా ఉన్నందుకు పద్యకవిని ఎవరూ జాలిగా చూడరు. లయయంత్రం ఇచ్చే చట్రం మరింత కఠినం, ఎందుకంటే అది ఎవరి కోసమూ ఆగదు. కాకువుకు, విరామానికి, గాయకుడి ఊపిరికి అందులో చోటు తక్కువ. కాబట్టి కవి పొడవైన సమాసాలను వదిలి పొట్టి పదాలను, ద్విత్వాక్షరాలను, ప్రాసలను ఆశ్రయించాడు. అచ్చులో చదివితే ఇది పలచగా ఉంటుంది. వింటే అక్షరమే తాళవాద్యం.

5. డెల్టా సొంత సరుకు

'గ్యాంగ్ లీడర్' (1991 మే 9) దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి స్థిరపడింది. నడుమ 'సామ్రాట్', 'స్టేట్ రౌడీ' వంటి చిత్రాలు వచ్చాయి. 'గ్యాంగ్ లీడర్' కథ విశాఖపట్నంలో జరుగుతుంది గాని, మనుషుల్ని లెక్కపెడితే అది గోదావరి జిల్లాల చిత్రమే. దర్శకుడు విజయ బాపినీడు ఏలూరు దగ్గరి చాటపర్రువారు. సినిమాకు రాకముందు 'విజయ', 'బొమ్మరిల్లు' పత్రికలు నడిపిన సంపాదకుడు. అంటే అచ్చుమాట విలువ తెలియనివారు కారు. పెద్దన్న పాత్ర ధరించిన మురళీమోహన్‌దీ చాటపర్రే. చిరంజీవి మొగల్తూరు, అల్లు రామలింగయ్య పాలకొల్లు, రావు గోపాలరావు కాకినాడ ప్రాంతం. పాటలు వేటూరి, భువనచంద్ర రాశారు. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర పాడారు.

ఈ క్యాసెట్టులో వాన పాటను ఉదాహరణగా తీసుకోవచ్చు. తెలుగు సినిమాలో వాన పాటకు పెద్ద వంశమే ఉంది. 'ఆత్మబలం' (1964)లో ఆత్రేయ, మహదేవన్‌ల వాన పాట దానికి మూలపురుషుడు. అందులో చినుకు మాటలో ఉంది, మాట నుంచి తాళంలోకి జారింది. 'గ్యాంగ్ లీడర్' వాన పాటలో చినుకు ముందే యంత్రంలో ఉంది. మాట దాని వెంట పరుగెత్తుతుంది. మొదటిదాన్ని విన్నవారు చినుకును ఊహిస్తారు, రెండవదాన్ని విన్నవారు తడుస్తారు. రెండూ వాన పాటలే. ఒకదాని పనిని మరొకదాని కొలబద్దతో కొలవడం ఉచితం కాదు. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర ఇక్కడ చేసిన పని కూడా గమనించదగ్గది. కదలని తాళం మీద వారు అక్షరాన్ని కొంచెం సాగదీసి, కొంచెం నవ్వు కలిపి, యంత్రం ఇవ్వలేని వంపును గొంతుతో ఇచ్చారు. రోలాఁ బార్త్ గొంతులోని గరుకుదనం గురించి చెప్పినది ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

గొంతు గురించి ఇంత చెప్పడానికి కూడా తెలుగులో మాటలు వెతుక్కోవలసి వస్తున్నది. ఇక కీబోర్డు నాదం గురించి చెప్పవలసివస్తే 'హోరు', 'మోత', 'గోల' తప్ప విమర్శలో మాటలు లేవు. విచిత్రమేమిటంటే తెలుగు శాఖల్లో అతి తరచుగా వినిపించే పదం 'ధ్వని'. అది ఆనందవర్ధనుడి ధ్వని, వ్యంగ్యార్థం. చెవికి వినిపించే ధ్వనికి ఆ తరగతిగదిలో పాఠం లేదు.

6. శ్రోత ఎక్కడ విన్నాడు

శ్రోతల ఆదరణను అంకెలతో మాత్రమే కొలవడం అలవాటు. ఎక్కడ, ఏ పరికరం మీద, ఎవరి మధ్య విన్నారన్నది అంతకంటె ముఖ్యం. పీటర్ మాన్యుయెల్ 1993లో ఉత్తర భారతపు క్యాసెట్టు సంస్కృతి గురించి రాసిన గ్రంథంలో, చౌక పరికరం పాట మీద అధికారాన్ని కొద్దిమంది చేతుల్లోంచి ఎలా తప్పించిందో చూపారు. డెల్టాలో దీనికి ఒక ప్రత్యేక కారణం తోడైంది. కువైట్, మస్కట్ వంటి చోట్లకు పనికి వెళ్ళిన కోనసీమ, పశ్చిమగోదావరి కుటుంబాలు సెలవులకు వస్తూ తెచ్చిన వస్తువుల్లో టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు ముఖ్యమైనది. రేడియోలో ఏ పాట వేయాలో ఆకాశవాణి నిర్ణయిస్తుంది. క్యాసెట్టులో ఏ పాట ఎన్నిసార్లు వేయాలో కొన్నవాడు నిర్ణయిస్తాడు. వినే అధికారం ఇలా పాకలోకి, పెంకుటింటి అరుగు మీదికి వచ్చింది.

రెండవ స్థలం బహిరంగం. అంతర్వేది కల్యాణం, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, సంక్రాంతి కోడిపందాల బరులు, పెళ్ళి ఊరేగింపులు. వీటన్నిటా మైకుసెట్టు ఉంటుంది. తాటాకు పందిరిలో, కొబ్బరితోటలో, జనం మధ్య మాట చెదిరిపోతుంది, తాళం చెదరదు. లలితగీతం గదిలో వినడానికి పుట్టింది. సింథసైజర్ పాటకు బయలే ఇల్లు. రికార్డింగ్ డాన్సు బృందాలు ఈ పాటల్ని వెంటనే అందుకోవడానికి కారణం ఇదే. ఆ ప్రదర్శనల్లో అశ్లీలత గురించి వచ్చిన అభ్యంతరాలు, పోలీసుల ఆంక్షలు వాస్తవం. ఆ అభ్యంతరం పాట మీదికీ పాకింది. అందులో కొంత న్యాయం ఉంది. స్త్రీ శరీరాన్ని సరుకుగా చూసే దృష్టి ఈ పాటల్లో ధారాళంగా ఉంది. అయితే అది మేళకర్త రాగాల్లో కట్టిన పాటల్లోనూ ఉంది. దోషాన్ని కీబోర్డు మీద మోపడం సులువు కనుక మోపారు.

మూడవది వాయించేవారి సంగతి. సన్నాయి మేళం, బ్యాండు మేళం ఉన్న ఊళ్ళలో చిన్న కీబోర్డు ప్రవేశించింది. ఏ కంపెనీదైనా దాని పేరు 'కేసియో'. ఆర్కెస్ట్రా బృందాలకు పదిమంది వాద్యకారుల ఖర్చు తగ్గింది. ఆ పదిమందిలో కొందరికి పని పోయింది. ఈ నష్టాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. మరోవైపు శాస్త్రీయ శిక్షణకు గడప దాటే వీలు లేని కులాల పిల్లలు ఈ వాద్యాన్ని విని, చూసి, తమకు తామే నేర్చుకున్నారు. డెల్టాలోని క్రైస్తవ ప్రార్థనామందిరాల్లో ఈనాడు కీబోర్డూ రిథమ్ ప్యాడూ లేని ఆరాధన అరుదు. డప్పు, కంజీర చేసిన పనిలో సగం అవే చేస్తున్నాయి. హార్మోనియం నాటకపందిరిలో స్థిరపడినట్టు సింథసైజర్ గుడి బయట తీర్థంలోనూ చర్చి లోపల కీర్తనలోనూ స్థిరపడింది. సినిమా పాట విమర్శ ఈ రెండు చోట్లకూ వెళ్ళలేదు.

7. అదే యంత్రం, వేరే తీర్పు

1992లో 'రోజా' వచ్చింది. తమిళం నుంచి అనువాదమైన ఈ చిత్రానికి తెలుగు పాటలు రాజశ్రీ రాశారు. ఎ.ఆర్. రహమాన్‌కు తొలి చిత్రంతోనే జాతీయ పురస్కారం దక్కింది. రహమాన్ అంతకు ముందు రాజ్–కోటి వంటి తెలుగు స్వరకర్తల వద్ద కీబోర్డు వాయించినవారే. ఆ జంటలో రాజ్, రాజమహేంద్రవరం దగ్గరి రఘుదేవపురానికి చెందిన సంగీతదర్శకుడు టి.వి. రాజు కుమారుడు. చక్రవర్తి వద్ద సహాయకుడిగా పనిచేసి 1990లో స్వరకర్తగా పరిచయమైన కీరవాణి కొవ్వూరులో పుట్టినవారు. అంటే గోదావరి సంగీతవంశాలు సింథసైజర్‌కు దూరంగా లేవు, దాని నడుమనే ఉన్నాయి.

'రోజా' పాటల్లో యంత్రం పాలు తక్కువేమీ కాదు. అయినా యంత్రం గొంతును మింగిందన్న ఫిర్యాదు దానిమీద నిలవలేదు. ధ్వని నాణ్యత అన్న మాట ప్రశంసగా వాడుకలోకి వచ్చింది. బప్పీ లహరి పాటలో లోపమనిపించినది రహమాన్ పాటలో గుణమైంది. స్వరరచనలో సూక్ష్మత, రికార్డింగులో స్వచ్ఛత నిజమైన భేదాలే. కాని వాటితోపాటు మరొకటి పనిచేసింది. 'రోజా' పాటలకు కవిత్వం ఉంది, కథకు దేశభక్తి ఉంది, చిత్రానికి మణిరత్నం పేరు ఉంది. చదువుకున్న శ్రోత ఇంట్లో కూర్చొని దాన్ని వినగలిగాడు. 'గ్యాంగ్ లీడర్' శ్రోత లారీ క్యాబిన్‌లో, తీర్థంలో, హాలులో మొదటి వరుసలో ఉన్నాడు. తీర్పు యంత్రం మీద కాదు, ఆ వరుస మీద వచ్చిందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

ఆ వరుస జ్ఞాపకం ఇప్పుడు మార్కెట్టుకు పనికివస్తున్నది. 2012లో 'రచ్చ' కోసం మణిశర్మ 'గ్యాంగ్ లీడర్' వాన పాటను రీమిక్సు చేశారు. స్వరకర్త కాకముందు ఆయనా కీబోర్డు వాద్యకారుడే. 1991 నాటి తాళం 2012 చెవికి పలచగా తోచి దాన్ని బరువెక్కించారు. పల్లవిని మాత్రం కదపలేదు. 2020 జనవరిలో వచ్చిన 'డిస్కో రాజా'కు తమన్ సంగీతంలో బప్పీ లహరి స్వయంగా గొంతు కలిపారు. 1980ల వాతావరణాన్ని సూచించడానికి ఆ చిత్రం వెతుక్కున్న గుర్తుల్లో ఆయన గొంతు ఒకటి. రెండేళ్ళ తరువాత 2022 ఫిబ్రవరి 15న ఆయన మరణించారు.